దొడ్డిగోడ రాళ్ల మడి

తెస్తే తెచ్చాను బావగారూ, ఆ దొడ్డిగోడ రాళ్లు! అలా గుడ్లురుముతారేం? ఆవులే లేని దొడ్డికి గోడెందుకట?

దాని కింద సమాధిలో మామగారు పడుకున్నారని నాకు తెలీదా ఏంటి! మన్నించమని అడిగే తీశాను. పొలంలో మొక్కజొన్న మాడిపోయింది. కూతురేమో మసేరు పట్నంలో ఫ్యాక్టరీ పనికి పోతూ తన పిల్ల నలేలిని నా ఒళ్లో పడేసింది. నాలుగేళ్ల పిల్లకి ఏం పెట్టమంటారు? ముద్దలోకి కాస్త ఆకుకూరైనా ఉండొద్దూ?

అందుకే కట్టాను. నడుమెత్తు గుండ్రటి రాతి మడి, మధ్యలో గడ్డిబుట్ట. అంట్ల నీళ్లు, బూడిద, తొక్కలు ఆ బుట్టలో పోస్తే చాలు, చుట్టూ మట్టంతా తాగుతుంది. బుట్ట దాకా వెళ్లడానికి ఓ పక్క సందు. ఊళ్లో అందరూ కట్టుకున్నదే కదా! వాళ్లు కొండ మీంచి రాళ్లు మోసుకొచ్చారు. నా నడుం మొయ్యనిచ్చిందా?

పెరిగింది చూడండీ... ఏమని చెప్పను! పక్కింటి మడి ఎండినా నాది పచ్చగానే ఉంది. మొదట్లో సంబరపడ్డాను. కానీ ఆ బుట్ట ఎంత వేసినా తెల్లారేసరికి ఖాళీ. నవ్వకండి, చెత్త కుళ్లితే దిగుతుందని నాకూ తెలుసు. గొర్రె ఎముకలు కూడా ఒక్కరోజులో కుళ్లుతాయా?

నలేలి ఆటలన్నీ ఆ సందులోనే. ఓ రోజు పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, తాతకి చలేస్తోందట. నువ్వు గోడ తీసేశావుగా, గాలి కొడుతోందట" అంది. ఏ తాతే అంటే, "చేతికి రెండు వేళ్లు లేని తాత" అంది.

కూర్చోండి బావగారూ, కూర్చోండి. మీ నాన్న వేళ్ల సంగతి దానికెవరు చెప్పారు? ఆయన పోయిన ఎన్నాళ్లకో కదా అది పుట్టింది!

మా ఆయన ఉన్ని దుప్పటి తెచ్చి బుట్టలో కుక్కాను. అవును, పెళ్లినాటిదే. మర్నాటికి పోగు కూడా లేదు.

రాళ్లు మళ్లీ పేర్చెయ్యమంటారు, ఎంత తేలిగ్గా! చలికాలం గడిచేదాకా నలేలికి తిండి మీరు పెడతారా?

ఇవాళ పొద్దున్న ఏమందో చెప్పనా? "దుప్పటి చాల్లేదట అమ్మమ్మా. పక్కన పడుకోడానికి తాత నన్ను రమ్మంటున్నాడు."

నేను పొయ్యి దగ్గరున్నాను. పిల్లలు మారాం చేస్తే అనే మాటే కదా అని, "రేపు వెళ్దువులే" అనేశాను.

అది ఊరుకుంది బావగారూ. మడిలోంచే ఎవరో "సరే" అన్నారు.