మబ్బుని మరగబెట్టిన డిష్షు

నేను చేయి వేశానంటే ఎంతటి యాంటెన్నా డిష్షయినా మాట వినాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే షెడ్డులో వీటిని బిగిస్తున్నాను, అరచేత్తో ఓసారి నిమిరితే చాలు, మీటర్లకి దొరకని ఎత్తుపల్లాలు కూడా నాకు తగులుతాయి. నవ్వకు వెల్డరూ, నీ అతుకులన్నీ కళ్లు మూసుకుని లెక్కపెట్టగలను. అమ్మా డిజైనరూ, ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. మూడింటికి పెద్ద సారు పిలిచారని మొహం అలా వేలాడేసుకుంటే ఎలా? డిష్షు మీదకి పవరు ఊదే కొమ్ముంది చూశావూ, దాని ప్లాస్టిక్ మూత నిన్న టెస్టులో కాలింది, కాదనను. నీ డిష్షు వంపు తప్పు, పవరు వెనక్కి తిరిగొచ్చి కాల్చింది అంటాడాయన. అంతమాత్రానికే రెండేళ్ల డిజైను మూల పడేస్తారా? నా అనుభవం విను.

ఒకసారి ఇలాంటి డిష్షే, దీనికన్నా చిన్నది, వంపు నేనే సరిచేశాను. నూరడుగుల దూరంలో స్టాండు మీద ట్యూబులైటు పెట్టారు. వైరు లేదు, ఏం లేదు. పవరు ఇవ్వగానే ధగధగా వెలిగింది!

"అది నిజమేనండోయ్, ట్యూబు ఇచ్చింది నేనే," అన్నాడు స్టోర్సు గుమాస్తా.

చూశారా, సాక్షి కూడా ఉన్నాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పవరు ఇంకాస్త పెంచారు. గోడవతల వీధిలో ట్యూబులైట్లన్నీ వెలిగాయి, కట్టేసినవి కూడా. ఒకావిడ మంచం కింద పడేసిన ట్యూబు, అది మాడిపోయి ఆరేళ్లయింది, అదీ వెలిగింది. నాలుగు మైళ్ల అవతల మా ఇంట్లో పొయ్యి ముట్టించకుండానే నీళ్లు తెర్లాయి.

"మీ ఇల్లు డిష్షుకి వెనకవైపు కదా బాబాయ్?"

వెనకవైపే కాబట్టి నీళ్లతో సరిపోయింది, ముందువైపయితే గిన్నె కూడా కరిగేది. అడ్డు రాకురా వెల్డరూ. అంతలో డిష్షుని పైకి తిప్పారు. ఓ మబ్బు తన దారిన తను పోతోంది పాపం. మరిగిపోయిందనుకో! సలసలా మరిగి వేడి వాన మొదలయ్యేసరికి జనం సబ్బులూ తువ్వాళ్లూ పట్టుకుని వీధిలోకి వచ్చేశారు. అంతటితో ఆగిందా? ఆ పవరు మబ్బుని దాటి చంద్రుడికి కొట్టుకుని తిరిగొచ్చింది.

"పట్టపగలు చంద్రుడా?"

కనపడకపోతే లేనట్టా? సరాసరి షెడ్డు మీదకే వస్తుంటే అందరూ పరుగో పరుగు. నేను మాత్రం పాలగిన్నె మూత తీసి అడ్డం పెట్టి, మణికట్టు ఇదిగో ఇలా కొంచెం తిప్పి, మళ్లీ పైకి పంపేశాను. వేళ్లకి గోరువెచ్చగా తగిలిందంతే. అదిగో, నవ్వింది పిల్ల!

"మీకు తెలియనిది లేదు కదా బాబాయ్ గారూ, ఇది చూడండి," అంటూ డిజైనరు ఫోను ముందుకు జరిపింది. "కాలిన మూత ఫొటో. పవరు వెనక్కొస్తే నడుమ గుండ్రంగా మాడాలి. ఇది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఎందుకు కాలింది?"

ఏదీ, ఇలా ఇవ్వు... ఊఁ.

"ఏం కనిపించింది బాబాయ్?"

ఉండరా. అమ్మా, అది నా గీత. మూత బిగించేటప్పుడు నడుమ ఎక్కడో తెలియటానికి పెన్సిల్‌తో గీసుకుంటాను, బిగించాక స్పిరిట్‌తో తుడిచేస్తాను. పెన్సిల్ గీతలో కరెంటు పారుతుంది, అంత పవరులో నిప్పు దాని వెంటే పరుగెత్తుతుంది. ఇన్నేళ్లూ తుడిచాను. మొన్న మర్చిపోయాను. నిన్న మూత అంటుకోగానే గుర్తొచ్చింది. పొద్దుట్నుంచీ ఇంత వాగుడు అందుకే, నీ మొహం చూడలేక. ఇన్నేళ్ల పేరు పోతుందని భయమేసింది. నీ డిజైను పోతుందని తెలిసీ నోరు మెదపలేదు, సిగ్గుగా ఉంది తల్లీ.

వెల్డరు మెల్లగా అడిగాడు. "ఎంత గీత బాబాయ్?"

మూడంగుళాలు. పదమ్మా, టైమవుతోంది. సారు దగ్గర ముందు నేను మాట్లాడతాను. అదీ ఉన్నది ఉన్నట్టు, మూడంగుళాలే చెబుతాను.