సీసాలో మూడు రోజులు

పరిశోధనశాలలో ఈగలకు మేత వండే గది. పొయ్యి దగ్గర పిన్ని, ఎదురుగా ఆమె అక్క కొడుకు. సాయంత్రం నాలుగు కావస్తోంది.

"ఆ మగ ఈగలు పాడకూడదు పిన్నీ! వాటికి సరసం నేర్పే జీనే లేదు. పుట్టుకతోనే లేకుండా చేశాం. ఆడ ఈగని తెచ్చి పక్కన పెట్టినా గోడని చూసినట్టు చూడాలి, అంతే."

"పాడితే నీకొచ్చిన నష్టం ఏంట్రా? గొంతు బాగోలేదా?"

"గొంతుతో కాదు. ఒక రెక్క పక్కకి చాపి వణికిస్తాయి, అదే వాటి పాట. ఆడదాని వెంటపడటం, ముందుకాలితో తట్టడం, రెక్క చాపడం, అన్నీ చేశాయి. ఇరవై మగవాటిలో పది!"

"మిగతా పది?"

"బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నాయి."

"అయితే అవి నీ చుట్టాలే."

"వేళాకోళం ఆపు. ఆ జీన్ లేకపోతే సరసం లేదని రేపు అందరి ముందూ చెప్పాలి. మూడు నెలల పని."

"అన్నట్టు, పై అంతస్తు చీమలమ్మాయి శుక్రవారం వెళ్ళిపోతోందట. వేరే ఊళ్ళో ఉద్యోగం."

"తెలుసు. ఈగల గురించి మాట్లాడుతుంటే మధ్యలో చీమలెందుకు?"

"ఊరికే అన్నాను. తను పరిశోధించే చీమలకి పంచదార పాకం కోసం ఆ పిల్ల రోజూ నాలుగింటికి వస్తుంది. సరిగ్గా నాలుగింటికే నీకూ ఇక్కడ ఏదో ఒక పని తగులుతుంది. రెండేళ్ళ నుంచీ చూస్తున్నా. మొన్న గరిటె పట్టుకుని అరగంట నిలబడ్డావు."

"కడగడానికి తెచ్చాను."

"అది నా గరిటె."

"సరే, సరే. అసలు సంగతికి రా. నేను జ్వరంతో పడుకున్న మూడు రోజులూ వాటికి మేత మార్చింది నువ్వే కదా?"

"ఆ. నేనే. ఏం?"

"పదేసి గొట్టాలు రెండు వరసలు, ఒక్కో గొట్టంలో ఒక్కో ఈగ. అలాగే ఉంచావా?"

"కాస్త జరుగు, పిండి అడుగంటుతోంది."

"పిన్నీ."

"ఉంచాను. ఉంచాను అంటే... ఉంచినట్టే."

"తేలు కుట్టిన దొంగలా అటు తిరుగుతావేం?"

"ఆ రోజు మేత జారుగా వచ్చిందిరా! పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. కాళ్ళు అంటుకుపోయి గిలగిలా కొట్టుకుంటున్నాయి పాపం. పాతది కాస్త మిగిలుంటే పది గొట్టాలకీ ఒక పెద్ద సీసాకీ సరిపోయింది. మిగతా పదింటినీ ఆ సీసాలోనే వేశాను. నువ్వొచ్చే రోజు పొద్దున్నే మళ్ళీ ఒక్కో గొట్టంలో ఒక్కోదాన్ని పెట్టేశాను. పరువు తక్కువని నీకు చెప్పలేదు."

"ఏ పది? ఏ వరస?"

"రెండోది."

"పిన్నీ, పాడింది రెండో వరసే!"

"అయ్యో. అన్నీ పారెయ్యాలా ఇప్పుడు?"

"పారెయ్యడమా! ఒంటరిగా ఉన్నవి ఒక్కటీ పాడలేదు. మూడు రోజులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, రాసుకుంటూ తిరిగినవి పాడాయి. ఆ జీన్ లేకుండానే! మళ్ళీ మొదట్నించీ చేసి చూడాలనుకో. కానీ రేపు నేను చెప్పబోయేది తప్పు. ఎంత మంచి తప్పు చేశావే పిన్నీ!"

"ఆగాగు. అంటే పుట్టుకతో రానిది నలుగురిలో పడితే వస్తుందంటావు."

"కొంత వరకు."

"మరి ఇన్నాళ్ళూ నాకేం చెప్పావు? మా తాతకీ నోట్లో నాలుక లేదు, మా నాన్నకీ లేదు, అది మా రక్తంలోనే లేదు, నేను ఆ పిల్లతో ఏం మాట్లాడతానూ అని."

"నాన్న సంగతి నీకు తెలీదా? పెళ్ళి మాట కూడా అమ్మే ఎత్తిందట."

"అని మీ అమ్మ చెప్పుకుంటుంది. మీ నాన్న ముందు నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా మెట్ల మీద నిలబడి 'మీ అక్కతో ఒక మాట' అని నీళ్ళు నమిలాడు. నన్నే అక్క అనుకుని చెప్పు అన్నాను. 'వాన వచ్చేలా ఉంది' అన్నాడు. పదిసార్లు చెప్పించాను. పదోసారికి సరిగ్గా వచ్చింది."

"నాన్నా? నిజంగా?"

"నీ మీద ఒట్టు. ఊఁ, ఇప్పుడు నువ్వు. నేనే చీమలమ్మాయిని."

"నీ చేతిలో గరిటె ఉంది పిన్నీ."

"ఇదిగో, కింద పెట్టాను. కానివ్వు."

"మీ... చీమలు బాగున్నాయా?"

"ఒకటి."

"శుక్రవారం బండి ఎన్నింటికి?"

"రెండు. నువ్వేమైనా స్టేషన్ మాస్టరువా?"

"సామాన్లు చాలా ఉన్నాయా?"

"మూడు. పోనీ కూలీవా?"

"నాకు రాదు పిన్నీ. వదిలెయ్."

"వదలను. మీ నాన్న ఆరోసారికి ఏడ్చినంత పని చేశాడు. కానివ్వు."

"మీరు వెళ్తే... ల్యాబ్‌లో అందరూ..."

"అందరూ వద్దు. నాలుగు."

"నేను... నాకు..."

"అయిదు, ఆరు. గాలి మింగడం కూడా లెక్కే."

"నాకు బాధగా ఉంది."

"ఏడు. దారిలో పడ్డావు."

"మీరు వెళ్తున్నారని నాకు చాలా బాధగా ఉంది."

"ఎనిమిది. ఇంకా మీరేంటి?"

"నువ్వు... నువ్వు వెళ్తే..."

"తొమ్మిది. కళ్ళు మూసుకుని చెప్పు."

"నువ్వు వెళ్ళిపోతే నాలుగింటికి ఏం చెయ్యాలో నాకు తెలీదు. నేను గరిటె కోసం రాలేదు. మేత కోసం రాలేదు. రెండేళ్ళూ నిన్ను చూడ్డానికే వచ్చాను. ఉద్యోగం మానమనను, వెళ్ళు. ప్రతి ఆదివారం నేనే బండెక్కి వస్తాను. రానిస్తావా?"

"పది."

"వచ్చింది పిన్నీ! అబ్బా, చెయ్యి చూడు, ఎలా వణుకుతోందో."

"వణకాలి మరి. రెక్కైనా చెయ్యైనా."

"ఇంతకీ, పదోసారి అయ్యాక నాన్న అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాడా?"

"వెళ్ళే పని లేకపోయిందిరా. అక్క అప్పటికే తలుపు వెనక నిలబడి ఉంది... లోపలికి రా అమ్మాయ్, పాకం చల్లారిపోతోంది."