కెప్టెన్ బర్రాగాన్ లేచిన షాట్

దురాంగో పక్కన శాన్ అంబ్రోసియో ఊళ్లో, గుర్రాలశాల ముందు. మధ్యాహ్నపు షూటింగుకు బండి వచ్చేలోగా మనవరాలు నియేవెస్ మోకాళ్లకు పట్టీలు కట్టుకుంటోంది. తాత యులాలియో చిక్కుడు గింజలు ఏరుతున్నాడు.

"...నమ్మితే నమ్ము, మానితే మాను. గుర్రం మీద తుపాకి దెబ్బ తిని, కిందపడి, అది రాళ్ల మీద ఈడ్చుకుపోతే, కెమెరా ఆగకుండా అదే ఊపున లేచి ముగ్గుర్ని నరికిన మొనగాడు ఈ దేశం మొత్తమ్మీద ఒక్కడే. వాడు నీ ఎదురుగా కూచుని చిక్కుడు గింజలు ఏరుతున్నాడు."

"నమ్మకేం తాతా! పుట్టిందగ్గర్నుంచీ రొట్టెలోకి అదేగా నంజుకుంటున్నాం. ఆ పట్టీ ఇటివ్వు."

"ఏ పట్టీ?"

"నువ్వు కూచున్న పట్టీ."

"నా కింద ఏం లేదే!"

"తాతా..."

"ఓహో, ఇదా? మెత్తగా ఉంటే పిల్లి అనుకున్నాను. అయినా తొందరేముంది, మీ ఫైట్ మాస్టర్ చెమా బండి ఇంకా రాలేదుగా."

"వచ్చేసరికి తయారుగా ఉండాలి. ఎండ వాలేలోగా తీసెయ్యాలట. ఒకే టేక్."

"ఏం తీస్తాడట మీ డైరెక్టరు? మళ్లీ చెప్పు. ముసలాణ్ణి, మరిచిపోతుంటాను."

"నువ్వా, మరిచిపోవడమా! నిన్న చెప్పాను, మొన్న చెప్పాను. కర్నల్ బెనిల్దా గుర్రం మీద వాగులోకి దిగుతుంది. పైనుంచి ప్రభుత్వ సైనికులు కాలుస్తారు. భుజానికొకటి, పక్కటెముకల్లో ఒకటి. పడిపోతుంది. కాలు జీనుకి వేలాడే రికాబులో ఇరుక్కుంటుంది. గుర్రం రాళ్ల మీద ఈడ్చుకుపోతుంది. కాలు ఊడగానే లేచి, కత్తి దూసి, దిగొచ్చిన ముగ్గురి గొంతులూ కోసేస్తుంది. ఇదంతా ఒకే షాట్. మధ్యలో కట్ లేదు."

"కట్ లేదా?"

"లేదు."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదు తాతా! గొప్పంతా అదేగా. నువ్వు చేసిందేగా!"

"ఆ బెనిల్దా వేషం కట్టిన మహాతల్లి ఏం చేస్తుంది మరి?"

"గొడుగు కింద కూచుంటుంది. డూప్‌ని నేను. తర్వాత కంప్యూటర్లో నా మొహం తీసేసి ఆవిడ మొహం అతికిస్తారు."

"అంటే విరిగే ఎముకలు నీవి, మెరిసే మొహం ఆవిడది."

"ఉండనీ. ఇన్నాళ్లూ నాకు చావడమే పని. వంతెన కింద శవం, బండి చక్రం కింద శవం, మూడో సైనికుడి పెళ్లాం శవం. మొదటిసారి లేచే పని ఇచ్చారు. మా డైరెక్టరు లాండెరోస్ గారు ఏమన్నారో తెలుసా? పాత సీరియల్లో నువ్వు డూప్‌గా చేసిన, కెప్టెన్ బర్రాగాన్ లేచిన షాట్ చూసే ఆయన ఈ వృత్తిలోకి వచ్చారట. అది రాగానే టోపీ తీసి చూస్తారట! 'యులాలియో మనవరాలివి, నీ రక్తంలోనే ఉంది' అన్నారు."

"రక్తంలో ఉండేది రక్తమే, పిల్లా. బయటికొచ్చినప్పుడు తెలుస్తుంది."

"భయపెట్టకు."

"భయం కాదే, వినోదం. చెప్పనా? ఆ కొండ గుర్తుందా, కెప్టెన్ గుర్రంతో సహా దూకేది? చర్చి గంటగోపురమంత ఎత్తు?"

"ఎందుకు గుర్తులేదూ!"

"అది మన పందులదొడ్డి గోడ."

"ఛ!"

"గొయ్యి తవ్వి కెమెరా అందులో పెట్టారు. గోతిలోంచి పైకి చూస్తే కోడిపుంజు కూడా దేవదూతలాగే కనబడుతుంది. బర్రాగాన్ వేషగాడు ఎంత పొట్టివాడనుకున్నావ్? గుర్రం ఎక్కాలంటే పాలబిందె బోర్లించి దాని మీద నిలబడేవాడు. టీవీలో చూస్తేనో, మబ్బులు ఆయన టోపీకి తగిలేవి!"

"మరి రెండు వందలమంది సైనికులు?"

"మన ఊరోళ్లే, ఓ డజను. చచ్చినవాడు గుట్ట వెనక్కి పాక్కుంటూ పోయి, టోపీ మార్చుకుని, ఇంకో పక్కనుంచి వచ్చి మళ్లీ చచ్చేవాడు. మీ నానమ్మ తమ్ముడు కాందిదో ఒక్క పూటలో ఎన్నిసార్లు చచ్చాడో వాడికే తెలీదు. శవాలకి ఆకలెక్కువ పిల్లా, అన్నం గంట కొడితే యుద్ధభూమి ఖాళీ!"

"నవ్వించకు, పట్టీ వదులైపోతోంది. కెప్టెన్ పక్కనున్నవాడికి తూటా తగిలి కన్ను చెంప మీదికి జారుతుంది కదా, అది?"

"మేక కన్ను. పొద్దున కోసిందే. టీవీ తుపాకులకి సిగ్గెక్కువ. నాయకుడు ఎదురొస్తే తలొంచుకుని పక్కకి పోతాయి. పక్కవాడి మీద మాత్రం ఎక్కడలేని పౌరుషం. వాడి కన్ను, వాడి చెవి, వాడి పేగులు, ఏదీ వదలవు. పక్కవాడు చిందరవందర అయితేనే నాయకుడు నిలబడ్డట్టు లెక్క."

"సరే, కొండ దొడ్డిగోడ, కన్ను మేకది. పడ్డది నిజమేగా?"

"పడేటప్పుడు ఏం చూశావ్?"

"కాలం ఆగిపోతుంది. జుట్టు గాల్లో తేలుతుంది. టోపీ పక్షిలా ఎగురుతుంది. చప్పుడంతా పోయి ఒక్క గుండె కొట్టుకోవడమే వినబడుతుంది. చిన్నప్పుడు అది వస్తే నాకు ఒళ్లు జలదరించేది."

"స్లో మోషన్. ఆ గుండె చప్పుడు ఎవడో గదిలో కూచుని తోలు దిండు మీద గుద్దింది. అసలు పడటం ఎలా ఉంటుందో చెప్పనా? 'అమ్మా' అనడానికి నోరు తెరుస్తావు, 'అ' దగ్గరే పని అయిపోతుంది. టోపీ కన్నా ముందు పుర్రె నేలకి తగులుతుంది. సంగీతం లేదు, ఏం లేదు. ఒక్కటే చప్పుడు. పండిన గుమ్మడికాయని గోడకేసి కొట్టినట్టు."

"తాతా."

"గుర్రం ఈడుస్తుంటే గుర్రానికీ భయమే. వెనకాల ఏదో తగులుకుందని ఇంకా పరిగెడుతుంది, వెనక్కాళ్లతో తంతుంది. రాయి తర్వాత రాయి. ఒక్కో రాయి ఒక్కో ముక్క ఉంచుకుంటుంది. చెవి ఒకటి, చర్మం ఒకటి..."

"తాతా! అదంతా నీకు జరిగిందా?"

"ఈ గింజల్లో రాళ్లే ఎక్కువున్నాయి. అంగడివాడు మోసం చేశాడు."

"దాటెయ్యకు. నీ చెవులు రెండూ ఉన్నాయి."

"ఉన్నాయి."

"ఒంటి మీద గీత కూడా లేదు."

"మీ నానమ్మ గిల్లిన గీతలు తప్ప."

"అయితే నువ్వు పడలేదు."

"అలా అని నేనన్నానా?"

"పడ్డావా, పడలేదా?"

"నువ్వు ఆ షాట్ సరిగ్గా చూశావా?"

"వెనక్కి తిప్పి తిప్పి చూశాను. గుర్రం ఈడ్చుకుపోతుంది, దుమ్ము లేస్తుంది, దుమ్ములోంచి కెప్టెన్ లేస్తాడు. ఎక్కడా తెగలేదు. లాండెరోస్ గారూ అదే అన్నారు. ఆ రోజుల్లో ఇంత పొడుగు షాట్ తీసినవాడు లేడట!"

"దుమ్ము లేస్తుంది."

"అవును."

"ఎంతసేపు?"

"ఒక్క ఊపిరి తీసుకున్నంతసేపు."

"వాగులో రాళ్లుంటాయి, ఇసకుంటుంది. అంత దుమ్ము ఎక్కడిదే పిచ్చిదానా?"

"ఎక్కడిది?"

"జల్లెడ పట్టిన ఎర్రమట్టి, బస్తాలకి బస్తాలు. విసిరినవాణ్ణి నేను."

"నువ్వు దుమ్ము విసిరావా!"

"చాలా బాగా విసిరాను! తెర నిండా దుమ్ము తప్ప ఇంకేం లేనప్పుడు కెమెరా ఆపేశారు. మళ్లీ అదే దుమ్ము విసిరి, మళ్లీ మొదలెట్టారు. దుమ్మూ దుమ్మూ కలిసిపోయాయి. మీ డైరెక్టరు టోపీ తీసి చూసినా, చొక్కా తీసి చూసినా ఆ అతుకు కనబడదు."

"అయితే కట్ ఉంది."

"ఉంది. మన పనిలో కట్ అంటే పరుపు. పడేవాడికీ లేచేవాడికీ మధ్య పరిచే పరుపు. అప్పుడు పరుపు లేదనుకుని మీ డైరెక్టరు మోసపోయాడు, ఇప్పుడు నిజంగానే దాన్ని తీసేసి నిన్ను పడమంటున్నాడు."

"మరి పడ్డదెవరు?"

"తిబూర్సియో అని, సొనోరా నుంచి గుర్రాలు తోలుకొచ్చాడు. నీ ఈడువాడు. ఈ ఊళ్లో వాడి పేరు తెలిసింది నాకొక్కడికే."

"లేచింది?"

"లేచింది నేనేనే! అందులో అబద్ధం లేదు. వాడి చొక్కా తొడుక్కుని దుమ్ములోంచి లేచాను. దగ్గరగా చూపించిన మొహం వేషగాడిది. రొప్పు ఇంకెవడిదో. అందర్నీ కుట్టి ఒక వీరుణ్ణి చేశారు. నా వంతుకి లేవడం వచ్చింది, పడటం కూడా నాదేనని చెప్పుకున్నాను. ముక్క దొరికినవాడు గొర్రె మొత్తం నాదే అంటాడుగా, అలాగన్నమాట."

"ఇన్నేళ్లూ నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను, మా తాత..."

"నేనూ అదే చెప్పుకుని తిరిగాను. ఇద్దరం సమానం."

"నియేవెస్! బండి ఎక్కు, ఎండ దిగిపోతోంది! దండాలు యులాలియో బాబాయ్. నీ మనవరాలు ఇవాళ నీ పేరు కూడా మింగేస్తుంది."

"చెమా, బండి దిగు. ఓ గ్లాసు మెస్కాల్ సారా తాగిపో."

"టైం లేదు బాబాయ్."

"అయితే మీ డైరెక్టరుతో చెప్పు. పడ్డాక ఒక కట్ పెట్టమను. దుమ్ము నేనొచ్చి విసురుతా, ఊరికే."

"చెప్పి చూశాను. కట్ అన్న మాట వింటేనే చిందులు తొక్కుతున్నాడు. లాగితే రికాబు ఊడిపోయే కొక్కెం ఒకటి పెట్టాను, అది మెరుస్తోందని తీయించేశాడు."

"కొక్కెం తీశారా?"

"ఏం చెయ్యను? నేను వద్దంటే ఇంకో మాస్టర్ని తెస్తాడు. అమ్మాయి సరేనంది."

"అన్నావా, పిల్లా?"

"అన్నాను."

"ఎప్పుడు?"

"నిన్న. నువ్వు చేశావనుకుని అన్నాను."

"ఇప్పుడు తెలిసిందిగా. కాదను."

"తాతా, ఒక్కటి అడుగుతా. ఆ తిబూర్సియోకి కొక్కెం ఉందా?"

"అప్పట్లో కొక్కేలెక్కడివి?"

"లేకుండానే పడ్డాడు."

"పడ్డాడు."

"గుర్రం ఈడ్చుకుపోయింది."

"పోయింది."

"తర్వాత ఏమయ్యాడు?"

"ఎవడు?"

"తిబూర్సియో!"

"వాడా... ఏమవుతాడు? రావిచెట్టులాంటి పెద్ద చెట్టొకటి ఉండేది అక్కడ, దాని నీడన చేరగిలబడి, కారం మాంసం కూరిన మొక్కజొన్న రొట్టె తింటూ కూచున్నాడు. నేను లేవడం చూసి నవ్వాడు. 'యులాలియో, నువ్వు లేస్తుంటే ఈనిన ఆవు లేచినట్టుంది' అన్నాడు."

"అన్నాడా!"

"నోట్లో రొట్టె పెట్టుకునే అన్నాడు."

"చూశావా మరి? ఏ కొక్కెమూ లేకుండా పడి, ఆ పూటే రొట్టె తిన్నాడు. పడటం, ఈడ్చుకుపోవడం నిజంగా జరిగాయిగా! నేను కొత్తగా చెయ్యాల్సింది ఆ లేవడం ఒక్కటే. అది నీకే వచ్చింది, నాకు రాదా?"

"నియేవెస్..."

"రాత్రికి నాకూ రెండు రొట్టెలు కాల్చి ఉంచు. కారం దండిగా వెయ్యి. పోనీ చెమా మామా."

"బాబాయ్, పక్కకి జరుగు. చక్రం కిందికి వస్తావ్."

"జరగను."

"తాతా! మళ్లీ ఏంటి? ఈసారి ఏ కొండ పందులదొడ్డి అయింది?"

"కొండ గురించి చెప్పింది నిజం. కన్ను నిజం, మట్టి నిజం. చెమా, తాళం తిప్పి ఇంజను ఆపు. పిల్లా, నేను కల్పించింది ఆ రొట్టె ఒక్కటే. తినడానికి వాడికి కింది దవడ లేదు. లేవమని ఆ చొక్కా నా చేతికిచ్చినప్పుడు అదింకా వెచ్చగా ఉంది."