నీళ్లకింది లెక్క

“తాతా, గీయన్ని సూడు. దుంకినంక ఎంతసేపటికీ పైకే రాడు. రేపు నేను గూడ యాభై మీటర్లు ఊపిరి దీయకుంట పోత. సుజితతోని పందెం గట్టిన.”

ఇటియ్యి ఫోను. ఆగు, అద్దాలు వెట్టుకోనీ. ఆ… కనవడ్డది. వీడు కొత్తోడా? వీడు తెల్వదు గని, ఇసొంటోళ్లను మస్తు మందిని సూసిన. అమెరికాల, ఆస్ట్రేలియాల ఒకడు పుట్టుకొస్తడు, వాడున్నన్ని రోజులు పక్కనోళ్లకు వెండే గతి. ఏండ్లకేండ్లు వాడే. మెడల బంగారాలు మోయలేక మోస్తడు. మేం గూడ పిచ్చోళ్ల లెక్క సూస్తుంటిమి.

యాభై మీటర్లా? ఎవలు జెప్పిన్రు నీకు? మీ కోచ్ సారా? గాయన లేనప్పుడా? నవ్వకు. నేను నవ్వులాటకు అడుగుతలేను. కూసో ఈడ. చాయ్ తర్వాత తాగుదువు.

అప్పుడు మేం లాల్‌దర్వాజ కాడ ఉంటుంటిమి. మన గల్లీ మొత్తానికి మా మేనత్త ఇంట్లనే టీవీ. మా మామ కరెంటు డిపార్టుమెంటుల నౌకరీ, కొంచెం షౌకీను మనిషి, ఆఠాణల చాయ్ తాగనీకి పోయినా సొక్క ఇస్త్రీ లేకుంటె బయటికి రాడు. సరే, గా ముచ్చట ఎందుకు. గా టీవీల ఒలింపిక్స్ వస్తే గల్లీ గల్లీ అండ్లనే. గప్పుడు ఎల్లెలుకల, మొకం ఆకాశం దిక్కు వెట్టి ఈదేటోళ్లు కొందరు కొత్త కిటుకు పట్టిన్రు. దుంకుడు దుంకుడే మునుగుడు, చేపతీరు నడుము ఊపుకుంట సగం దూరం నీళ్లకిందనే. పైన మనిషే కనవడడు. అందరు ఎన్కవడ్డంక లేస్తడు, ముందుంటడు. తర్వాత పెద్దోళ్లు కూసోని ఇంత దూరమే కింద ఉండాలె అని రూలు వెట్టిన్రు. ఇప్పుడు పదిహేను మీటర్లు గదా? ఆ, పదిహేను. ఎందుకు వెట్టిన్రో మాకు తెల్వకపాయె.

మా తమ్ముడు సత్తి. నీకు వాని ఫోటో సూపిచ్చిన్నా ఎప్పుడన్న? లేదు. మా ఇంట్ల వాని ఫోటో పెట్టలే.

వాడు నాకన్న ఆరేండ్లు చిన్న. ఈత నేనే నేర్పిన. చాంద్రాయణగుట్ట దిక్కు, గిప్పుడు ఫ్లైఓవర్ ఉన్నది సూడు, దానికి అవుతల మెట్లబాయి ఉండె. చుట్టు పొలాలే. ఐతారం పొద్దుగాల పోతుంటిమి, సైకిలు మీద ఇద్దరం. ఆ బాయిల మాదొక పద్ధతి ఉండె. ఒకడు మునిగితే ఇంకొకడు ఆఖరి మెట్టు మీద కూసోని రాయితోని మెట్టును కొడతడు. ఒక దెబ్బకు ఒక లెక్క. నీళ్లల్ల సప్పుడు మస్తు వినవడ్తది బిడ్డా, పైన కంటే కిందనే గట్టిగ. కిందున్నోడు ఆ సప్పుడు లెక్కవెట్టుకుంటడు, ఎంతైందో తెలుస్తది. గోడకు గోడకు తిరుగుడు, ఊపిరాడకపోతే లేసుడు. సత్తిది నలభై. నలభై అయిదు ఎప్పుడు దాటలే.

టీవీల ఆ ఈతగాండ్లను సూసినంక వానికి జిద్దు లేసింది. గంత దూరం ఎట్ల పోతున్నరన్నా, ఎట్ల పోతున్నరన్నా అని నా పానం తిన్నడు. నాకేం తెలుసు? తెల్వదు అనొచ్చు గదా. అనలే. పెద్దోన్ని గదా. నేనేం జెప్పిన్నంటే, దుంకేముందు గబగబ గబగబ పీల్చుకోరా, ముప్పై సార్లు, గాలంత లోపల నింపుకో, అప్పుడు దిగు అని. నేనే జెప్పిన. ఆళ్లు గట్ల జేస్తరని ఎక్కడ సూసిన్నో ఏమో, సూడనే లేదు. ఊరికె నోటికొచ్చింది.

వాడు చేసిండు. కుక్క ఒగర్చినట్టు ఒగరుస్తుంటే నవ్విన గూడ. దిగిండు. నేను రాయి అందుకున్న.

ఇరవై, ముప్పై, పోతుండు, తిరుగుతుండు. మంచి ఎండ, నీళ్లు తేటగున్నయి, వాని ఎర్ర చెడ్డి కనవడ్తనే ఉంది. నలభై. యాభై. నాకు ఖుషీ ఆగుతలేదు. అవుతలి గోడ కాడ ఆగిండు. బోర్ల, కదలకుంట. నేనేం అనుకున్నంటే, హుషారోడు, ఊపిరి దాచుకుంటుండు, కదిలితే ఖర్చైతదని. ఇంకా గట్టిగ కొట్టిన. వానికి ధైర్యం రావాలని. శబాష్ సత్తీ అని అరుసుకుంట కొట్టిన. అరవై. డెబ్బై. ఎనభై దాక కొట్టిన బిడ్డా. ఎనభై.

వానికి ఏ సప్పుడూ వినవడ్తలేదు అప్పటికే.

ఎప్పుడు దుంకిన్నో యాదిలేదు. మెట్ల మీదికి గుంజిన, తలకిందులు జేసిన, కడుపు ఒత్తిన, గప్పుడు గంతే తెలుసు మాకు. శరీరం ఇంక వెచ్చగనే ఉండె.

అటెన్కనే నేను ఈత కొలనుల కావలి నౌకరీల చేరిన. అందరు ఏమనుకున్నరు, షౌకు కొద్ది చేరిండనుకున్నరు. భయం కొద్ది చేరిన. ముప్పై ఏండ్లు ఒక్కని మీదికెల్లి కన్ను తియ్యలే. ఆడికొచ్చే డాక్టర్ సాబొకాయన జెప్పిండు. గట్ల గబగబ పీల్చి దిగితే, లోపల గాలి ఒడిసినా పైకి రావాలని మనిషికి అనిపియ్యదట. గుండె దడదడలాడదు, గొంతు పట్టదు, నిద్రవోయినట్టే సోయి తప్పుతదట. పక్కనున్నోనికి గూడ తెల్వదట. నాకు తెల్వలే గదా, సూస్తనే ఉన్న గదా.

గా ఫోన్లున్నోనికి ఏం? పైన పదిమంది కావలి, డాక్టర్లు, వాడు దుంకేది రూలు మీద, పదిహేనుకు లేస్తడు. వాని ఎన్క ఎన్నేండ్ల కష్టమో. నీకెవరున్నరు రేపు? సుజిత ఫోను పట్టుకోని లెక్క సూస్తదా? ఆ… అదే. నువ్వు ఆగిపోతే ఆ పిల్ల గూడ శబాష్ అంటది.

ఆ ఫోను పక్కకు వెట్టు, ఇంకో మాట విను.

మా అమ్మకు ఏం జెప్పిన్నో ఎరికేనా? మెట్ల మీది పాకురుకు వాని కాలు జారిందన్న. పీల్చుకొమ్మన్న సంగతి జెప్పలే, రాయి సంగతి జెప్పలే. ఆమె పోయేదాక పాకురునే తిట్టింది. మీ నానమ్మకు గూడ తెల్వదు. నీకే జెప్తున్న. పట్టు, ఇంక నీ దగ్గర పెట్టుకో ఆ మాట, ఎవలకన్న జెప్పు, జెప్పకపో, నీ ఇష్టం.

ఏడ్వకు. నిన్ను ఈదొద్దంటలేనమ్మా. ఈదు. మస్తు ఈదు. వందమంది ముంగట ఈదు. రేపు సుజితకు ఫోను జేసి పందెం ఓడిపోయిన అని జెప్పు, నవ్వితే నవ్వనీ. నువ్వు పతకం తెస్తే సంతోషమే, తేకున్నా నాకేం ఫికర్ లేదు. నూరేండ్లు సల్లగుండు బిడ్డా. ఊపిరి తీసుకుంట ఓడిపో. నా కండ్ల ముంగట, పైన, ఊపిరి తీసుకుంట…