ఎడమ కాలి కొలత

కుట్టుమిషన్ గదిలో, స్టాండు వేసిన సైకిల్ దగ్గర అక్కా తమ్ముడూ.

"కదలకురా! కదిలితే కొలత పోతుంది."

"నేనేమన్నా ప్యాంటు కుట్టించుకుంటున్నానా? సైకిల్‌కి టేపెందుకక్కా?"

"ప్యాంటైనా సైకిలైనా కాలు అదేగా! నీ కొలత నాకు కంఠతా, ముప్పై ఒకటి. సీటు నుంచి కింద పెడలు దాకా అంతే ఉండాలి. మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలట, సైకిల్ షాపాయన చెప్పాడు. ఏదీ, కుడి మడమ పెట్టు."

"పెట్టా."

"అబ్బ, ఎంత బాగా కుదిరిందో! రేపు టెస్టులో ఆ పార్సిలాఫీసోళ్ళు గంటలో ఇరవై ఇళ్ళు తిరగమన్నా తిరిగేస్తావు. ఎడమది పెట్టు."

"ఒకటి కుదిరిందిగా, చాల్లే."

"పెట్టరా."

"ప్యాంటుకి రెండు కాళ్ళూ కొలుస్తావా ఏంటి నువ్వు?"

"ప్యాంటుకి ఎవరైనా ఒక్క కాలే కొలుస్తారు. సైకిల్ రెండిటితో తొక్కుతారు. పెట్టూ!"

"పెట్టా... ఇదిగో."

"అందలేదే? వంకరగా కూర్చున్నావు. నడుం తిన్నగా పెట్టు."

"తిన్నగానే ఉంది."

"ఉండు, సీటు అంగుళం దించుతా... ఆఁ, అందింది! మరి కుడిది?"

"మోకాలు పట్టేస్తోంది. ఇలాగైతే పది ఇళ్ళు కూడా తిరగలేను."

"టేపిటివ్వు. కుడి ముప్పై ఒకటి. ఎడమ... ముప్పై. ఉండుండు, మళ్ళీ చూస్తా. ముప్పయ్యే. ఒరేయ్!"

"ఊఁ."

"లారీ గుద్దినప్పట్నుంచా?"

"ఎముక అతుక్కుందన్నారు. పొట్టిగా అతుక్కుందని నాకూ తర్వాతే తెలిసింది."

"ఏడాదిన్నరరా! ఈలోపు నీకు నాలుగు ప్యాంట్లు కుట్టాను!"

"ఎడమ కాలిది నేనే విప్పి, అంగుళం ఎక్కువ మడిచి కుట్టుకున్నా. నీ మిషన్ మీదే. నువ్వు జాకెట్లు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు."

"నా మిషన్ మీదే! దొంగ వెధవా!"

"చెబితే ఏడుస్తావని."

"ఎవరేడుస్తున్నారు? టేపు చుడుతున్నా. సరే, సరే, దీనికీ ఓ దారుంటుంది. ఎడమ పెడలు మీద అంగుళం మందం చెక్క బిగిద్దాం. ఆ పాత స్టూలు కాలు కోస్తే సరిగ్గా వస్తుంది."

"వద్దక్కా."

"వద్దేంటి, రేపు టెస్టు పెట్టుకుని? రంపం ఎక్కడ పెట్టాను..."

"అక్కా, కాసేపు కూర్చో."

"కూర్చుంటే ఎలా? కొట్లో నిలబడలేకపోయావు, గోడౌన్లో మూటలు మొయ్యలేకపోయావు. ఇదొక్కటే కూర్చుని చేసే పని. ఇదీ పోతే ఇంకేముందిరా?"

"తెలుసు."

"తెలిస్తే దిగు మరి! ఈ పూటే బిగించేద్దాం, సాయంత్రం నాలుగు వీధులు తొక్కి చూద్దువుగాని..."

"నిన్న చెబుదామనే వచ్చా. వచ్చేసరికి నువ్వు పానా అరువు తెచ్చుకుని, సైకిల్ తుడుస్తూ కనిపించావు."

"ఏం చెబుదామని?"

"టెస్టు నిన్ననే పెట్టేశారక్కా. వాళ్ళ సైకిలే ఇచ్చారు, పది ఇళ్ళు కూడా తిరగలేకపోయా. సీటు కాస్త దించుకోనా అని అడగడానికి నాకు నోరు రాలేదు."