నలభై రోజుల మోత

"మీరు కొన్న కారు మోత ఇంజన్‌ది కాదు మాస్టారూ. వెనకది. డిఫరెన్షియల్‌ది. ఇంజను తిప్పే తిప్పుడిని రెండు వెనక చక్రాలకీ వాటాలేసి పంచే పెట్టె ఉంటుందే, అది. మీరింకా సందు మలుపు తిరగలేదు, నేను ఇక్కడ గ్లాసు కింద పెట్టేసి చెప్పేశా, పినియన్‌లో అంటే అందులోని చిన్న పళ్ళచక్రంలో పదకొండో పన్ను అరిగిందని. కావాలంటే అడగండి మా చెల్లెమ్మని."

"చెప్పాడు," అంది టీ కొట్టు చెల్లెమ్మ. "కాకపోతే అప్పుడు వచ్చింది నీళ్ళ ట్యాంకరు."

ఈయన్ని మేం మైలు మేస్త్రి అంటాం. గజం పని చేసి మైలు చెప్తాడు. నలభయ్యేళ్ళు రెంచీ పట్టిన చెయ్యి మాత్రం మంచిదే, నోటి సంగతే వేరు. మాస్టారు నిన్ననే ఒక పాత కారు కొన్నారు, రోడ్డెక్కిన దగ్గర్నించీ అది ఊ... అని ఒకటే ఏడుపు. మేస్త్రికి ఇంకేం కావాలి? పక్క కొట్లో టైర్లాయన ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగలు చూసుకుంటున్నాడు.

"నవ్వండి నవ్వండి. మా ఇంటావిడకి జబ్బు చేసిన ఏడాది, ఆసుపత్రికి తిప్పడానికి నేనూ ఇలాంటి పాత కారే కొన్నా. స్పీడు యాభై దాటితే చాలు, మోత. మామూలు మోతా అది? మేం వెళ్తుంటే మిల్లులో వాళ్ళు సైరనైందనుకుని పని ఆపేసి ఇళ్ళకి పోయేవాళ్ళు. మిల్లు ఓనరు మా ఇంటికొచ్చి, బాబ్బాబు, కాస్త అయిదు దాటాక బయల్దేరండి అని చేతులు పట్టుకున్నాడు."

"ఆ మిల్లు మూసేసి ఏళ్ళయిందిగా?" అన్నారు మాస్టారు.

"మరెందుకు మూశారనుకున్నారు!"

అందరం నవ్వాం. మేస్త్రి కూడా నవ్వబోయి మానేశాడు.

"డాక్టరు గుమ్మం దాకా వచ్చి నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, ఇక నెలలు లెక్కపెట్టుకోమని. ఆ రోజు స్టీరింగు పట్టుకుని అనుకున్నా. ఆవిడ వెళ్ళేలోపు ఒక్కసారైనా ఈ కారులో చప్పుడు లేకుండా కూర్చోబెట్టకపోతే నేను మెకానిక్‌నే కాదు అని. నా మిగతా కబుర్లలో ఉప్పూ కారం ఉంటే ఉండొచ్చు గానీ, ఈ మాటలో లేదు.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? నడిపేవాడికి వెనక మోత సరిగ్గా అంతు పట్టదు. వెనక సీట్లో ఒక మనిషి కూర్చుని చెవి ఒగ్గాలి. ఇంట్లో ఇంకెవరున్నారు? ఆవిణ్ణే కూర్చోబెట్టా. రోజూ సాయంత్రం బైపాసు దాకా పోవడం, బండి పక్కకి ఆపడం, ఏం వినపడుతోందే అని అడగడం. మొదటిరోజు తిరగలి తిప్పినట్టుందండీ అంది. ఇంటికొచ్చి పెట్టె విప్పి, గేరు పళ్ళకి ఎర్ర రంగు పూసి తిప్పి, ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టి షిమ్ము మార్చా. షిమ్మంటే పళ్ళ మధ్య ఎడం సరిపెట్టడానికి లోపల వేసే రేకు మాస్టారూ, కాగితమంత పల్చన. రెండోరోజు, ఇప్పుడు మా మేనత్త గురకలా ఉందంది. మళ్ళీ విప్పా. మూడోరోజు గురక తగ్గింది గానీ మేనత్త ఎవర్నో తిడుతోందండీ అంది. చెవంటే అదీ! ఏ కంపెనీ మిషనుకైనా గురకకీ తిట్టుకీ తేడా తెలుస్తుందా, చెప్పండి?"

"అలా ఎన్నాళ్ళు విప్పావు బాబాయ్?" అన్నాను నేను.

"నలభై రోజులు. చివరికొచ్చేసరికి ఊళ్ళో షాపుల్లో షిమ్ములైపోయాయి. పక్క ఊళ్ళోనూ అయిపోయాయి. నాకు కావలసిన మందమా, వెంట్రుకలో పదహారో వంతు. ఎవడమ్ముతాడు? ఆవిడే దువ్వెన్లోంచి ఒక వెంట్రుక తీసి ఇచ్చింది. అప్పటికి తలలో ఎక్కువ లేవు కూడా. దాన్ని బ్లేడుతో నిలువునా పదహారు చీలికలు చేసి, ఒక చీలిక లోపల పరిచా. మిగతా పదిహేనూ..." కాస్త ఆగాడు. "ఇంట్లో ఉన్నాయి."

చెల్లెమ్మ ఏదో అనబోయి, పాలు పొంగుతున్నట్టు స్టవ్ వైపు తిరిగింది.

"మర్నాడు ఏమైందో తెలుసా? కారు కదిలింది, చప్పుడు లేదు. ఎంత లేదంటే, ట్రాఫిక్ పోలీసు ఆపి, ఇంజను లేకుండా బండెలా నడుపుతున్నావయ్యా అని బానెట్టు తీయించి చూశాడు. పక్కన పోయే లారీ డ్రైవరు చేతి గడియారం టిక్కుటిక్కుమంటుంటే విని, నీది మూడు నిమిషాలు వెనకుంది బాబూ అని చెప్పా. రోడ్డు దాటుతున్న చీమలబారు అడుగుల చప్పుడు వినపడి బ్రేకేశా. సంగతి తెలిసి, ఆ కారు తయారుచేసిన కంపెనీ పెద్ద విమానంలో వచ్చేసి, కోటైనా విప్పకుండా కారు కిందకి దూరి, గంటసేపు వెక్కివెక్కి ఏడ్చాడు."

"విమానం ఎక్కడ దిగిందన్నా? బైపాసు మీదా?" అంది చెల్లెమ్మ.

"మరి? దిగేటప్పుడు దాని చక్రాలు కీచుమంటుంటే కాస్త గ్రీజు పెట్టి పంపించా."

మా నవ్వులు అయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"ఆవిడ వెనక సీట్లో నిద్రపోయింది. లేపబుద్ధి కాక అరగంట తిప్పుతూనే ఉన్నా. లేచాక, ఏం వినపడుతోందే అన్నా. ఏమీ లేదండీ, బాగు చేసేశారు అంది. ఆ తర్వాత పన్నెండు రోజులే ఉంది. మళ్ళీ కారెక్కలేదు. మాస్టారూ, ఇంత మెకానిక్‌ని గదా, నా దిగులల్లా ఒక్కటే. అదేదో మొదటిరోజే పట్టుకుని ఉంటే ఆవిడ నలభై రోజులు హాయిగా తిరిగేది. ఒంట్లో బాగాలేని మనిషిని నలభై రోజులు ఆ మోతలో కూర్చోబెట్టాను. ఆలస్యం చేశాను. అందుకే చెప్తున్నా, మీ కారు నాకివ్వండి. రేపే విప్పేస్తా."

టైర్లాయన ట్యూబు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "విప్పకన్నా. ముందు మాస్టారి టైర్లు చూద్దాం."

"నువ్వెళ్ళి గాలి కొట్టుకోరా. డిఫరెన్షియల్ గురించి నీకేం తెలుసు?"

"నీ కారుదీ టైర్ల మోతే అన్నా."

మేస్త్రి గ్లాసు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు.

"వెనక టైర్లు రెండూ రంపప్పళ్ళలా అరిగిపోయాయి. డిఫరెన్షియల్‌దైతే యాక్సిలేటర్ వదలగానే మోత మారాలి. నీది మారేదా? తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డెక్కితే మారేది. మొదటిరోజు సాయంత్రం ఇక్కడ టీకి ఆపినప్పుడే టైరు మీద చెయ్యేసి చూశా. నువ్వు చెల్లెమ్మకి పినియన్ గురించి చెప్తున్నావు. కారులో ఉన్న వదినకి చెప్పా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పొద్దంది. ‘ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెప్పడం, నేను వినడం. ఇవాళ బండి ఆపి మరీ నీకేం వినపడుతోందే అని అడిగారు తమ్ముడూ. నేను చెప్పేదాకా ఆగారు. మోత పోతే మళ్ళీ అడగరు, కొన్నాళ్ళు ఉండనీ’ అంది. రెండోరోజు నుంచే ఏం మోత చెప్పాలో తోచక నాకు ఫోన్ చేసేది, గేర్లు ఇంకెన్ని రకాలుగా అరుస్తాయో చెప్పమని. ఆ మేనత్త గురక నేను అందించిందే. వదినకసలు మేనత్తే లేదన్నా. నువ్వు పట్టేస్తావేమోనని భయపడింది కూడా."

టైర్లాయన బెంచీ మీద మేస్త్రి పక్కనే కూర్చున్నాడు.

"ముప్ఫై తొమ్మిదో రోజు తనే ఫోన్ చేసింది. ‘ఇంకొక్కసారే ఎక్కగలననిపిస్తోంది. రేపు మార్చెయ్యి తమ్ముడూ. ఆయనే బాగు చేశాననుకోవాలి’ అంది. నువ్వు కారు స్టాండ్ల మీద పెట్టి కింద పడుకుని ఉంటే, గాలి చూస్తానని రెండు చక్రాలూ పట్టుకుపోయి టైర్లు మార్చి తెచ్చా, కొత్తవైతే పట్టేస్తావని వాడినవాటిల్లో మంచివి ఏరి వేశా. ఎప్పటికీ చెప్పనని మాటిచ్చాను గానీ, నువ్విలా బాధపడుతుంటే ఇంక నావల్ల కాలేదు. ఆ నలభై రోజులూ నువ్వు ఆలస్యం చేసినవి కావన్నా. ఆవిడ అడిగి ఉంచుకున్నవి."

ఇప్పుడు దీనికి మించింది ఏదో ఒకటి అంటాడని అందరం చూశాం. అనలేదు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకేం చెప్పిందిరా?" అన్నాడు. అడిగి, టైర్లాయన నోరు విప్పేదాకా మాట్లాడకుండా కూర్చున్నాడు.