గట్లనే ఉన్నవ్

తాండూరు. సోమవారం పొద్దున. ఒక పప్పు మిల్లు ముందర, కాంటా మీద జోకే కిష్టప్ప, కాంటా ఎక్కిన నిరోష.

"దిగు బిడ్డా, అయింది."

"ఎంత?"

"చెప్పులేసుకో ముందు. చలికి బండ సల్లగుంటది."

"ఎంతుంది కాక?"

"డెబ్బై ఒకటి. జర మీదికే. ఛాయ్ చెప్పనా?"

"వద్దు. చిట్టి రాయి."

"ఇంక చిట్టెందుకు నిరోషా?"

"రాయి."

"నీ తమ్ముడు శ్రీహరి పోయి పదిహేడు దినాలాయె. నువ్వింక జోకించుకునుడేంది? ఎవరికిస్తవ్ ఇప్పుడు కార్జం? తప్పువట్టకు, నోటికొచ్చింది, అన్న."

"తప్పేముంది. నిజమే గదా. ఎవరికియ్యాలె."

"మరి?"

"అలవాటైంది. ఐదింటికి మెలకువ వస్తది. లేస్త, నడుస్త. ఇంటికొచ్చి కుట్టు మిషన్ మీద కూసుంట. ఆగుదామని అనుకుంట గానీ కాళ్లు ఆగుతలేవు."

"తిండన్న సరిగ్గ తిను ఇగ. తమ్ముడున్నన్ని దినాలు నోరు కట్టుకున్నవ్."

"ఎనిమిది కిలోలు తగ్గి రమ్మన్నరు గదా పట్నం దవఖానల. లివర్ మీది కొవ్వు కరిగితెనే కార్జం ముక్క దీసి వానికి పెడ్తమన్నరు. ఆగస్టు ఇరవై ఐదు నాడు ఎనభై ఉంటి. నీ కాంటానే ఎక్కిన."

"నాకెర్క లేదా. నేనే గదా జోకింది."

"మెడికల్ షాపుల మిషన్ ఎక్కుత అంటె అమ్మ ఒప్పుకోలే. అది రూపాయికి ఓ తీరు చెప్తది, కిష్టప్ప చిట్టి తెస్తెనే నమ్ముత అన్నది. మా కందులన్ని నువ్వే జోకినవ్ గదా."

"ఆ నమ్మకం మీదనే నా కూడు నడుస్తున్నది. వేరే కాంటా ఏదన్న ఎక్కినవా మల్ల? మధ్యల?"

"ఎక్కలే. సరుకును రెండు కాంటాల మీద జోకొద్దు, జగడమైతది అన్నవ్ నువ్వే."

"అన్న. అన్న. నిజమే."

"చిట్టిల కిలోలు దిగుతుండె గానీ ఒంటి మీద ఏం దిగలే కాక. నేను టైలర్‌ను, కొలతల్ల మోసపోను. పదిహేను దినాలకోపారి టేపు పెట్టుకుంటుంటి. నడుం గంతే, చెయ్యి గంతే. జాకెట్ల ఒక్క కుట్టు లోపలికి పట్టింది లేదు. గాజులు సబ్బు పెడ్తెనే వస్తుండె."

"కొందరి ఒళ్లు గంతే బిడ్డా. చెప్పిన గదా నీకు, పచ్చి కందుల ముచ్చట."

"చెప్పినవ్. ఎండబోస్తె కుప్ప గంతే కనవడ్తది, తూకం దిగుతది, తడి లోపలికెల్లి పోతది అన్నవ్. గా మాట పట్టుకొనే నడిసిన. యాలాల్ రోడ్డు మీద లారీలోళ్లకు గూడ నా మొకం గుర్తయింది."

"మస్తు కష్టపడ్డవ్."

"నడుసుడు కష్టం కాలే. కనవడకపోవుడే కష్టమైంది. ఈడ జోకించుకొని రైలెక్కి వికారాబాద్ పోతుంటి గదా. అమ్మ చిట్టి చేతులకు తీసుకునేది. అక్షరాలు రాకున్నా ఆమెకు అంకెలొస్తయి, తారీఖు గూడ తెలుస్తది. చిట్టి జూసి నన్ను జూసేది, కాళ్ల కెల్లి నెత్తి దాక. ఏడ తగ్గినవ్, గట్లనే ఉన్నవ్ అనేది. నీతోని కాదు, ఇడిసెయ్ అనేది. వాడు పక్కనే మంచంల పండి వింటుండె. కండ్లు పచ్చగ."

"వాడేమన్న అనేటోడా?"

"ఏం అనకపోతుండె. ఒక్కపారి నవ్విండు. అక్కా, నీ ముక్క పెడ్తె నేను గూడ లావైత కావచ్చు అన్నడు."

"వానిది చిన్నప్పటికెల్లి అదే నోరు."

"పోయినప్పుడల్ల అమ్మ బెల్లం పోలెలు జేసేది. నెయ్యి కారంగ. నేను తినొద్దని ఆమెకు తెలుసు. ముట్టకపోతే పళ్లెం చేతుల పట్టుకొని నా ముందల గట్లనే నిలబడేది. పరీక్ష పెడ్తున్నది అనుకున్న. ఇంట్ల చాటుకు తింటున్ననేమో అని."

"ఊఁ."

"నాలుగు సోమవారాలు డెబ్బై నాలుగు మీదనే ఆగింది గదా. పొద్దున ఒక్క రొట్టె, రాత్రి మజ్జిగ. గంతే తిన్న. అయినా డెబ్బై నాలుగే. దవఖానకు ఫోన్ జేసి, రెండు కిలోలే గదమ్మా, స్కానింగ్ చేయుండ్రి అని అడిగిన. డెబ్బై రెండు అయినంకనే రమ్మన్నరు. ఆఖరి రెండు చిట్టీలు అమ్మకు చూపియ్యలే. సిగ్గైంది."

"చూపియ్యలేదా?"

"ఆమె గూడ అడగలే. నన్ను జూసి, గట్లనే ఉన్నవ్ అనుకుంట లోపలికి పోయింది."

"నవంబర్ ఇరవై నాలుగుది గూడ చూపియ్యలే?"

"లేదన్న గదా. ఎందుకు?"

"ఏం లేదు. ఉత్తగనే అడిగిన. ఛాయ్ తాగితె ఏం కాదు నీకు."

"వద్దు కాక. నువ్వు దినాలకొచ్చినవ్ గదా. చూసినవా, అమ్మ వడ్డించుకుంట నా ఆకు దాటేసి పోయింది."

"ఆమె గా టైంల ఏ ఆకు చూసింది తియ్యి."

"బుగ్గమ్మత్త అందరి ముందల అన్నది. ఇయ్య మనసుంటె ఒళ్లు కరగకపోతుండెనా అని. అమ్మ కాదు అనలే. వింటనే ఉండె, అనలే."

"బుగ్గమ్మ నోటికి తాళం ఏడుంది."

"నాకిప్పుడు ఏం అనిపిస్తలేదు కాక. ఏడుపు గూడ వస్తలేదు. ఒక్కటే ఉంది. తమ్మునికి ఇచ్చుడు ఇష్టం లేక నేను తగ్గలేదని అమ్మ అనుకోవద్దు. అందరనుకోనీ. అమ్మ అనుకోవద్దు."

"అనుకోదు."

"అనుకుంటున్నది. అందుకే నీకాడికొచ్చిన. నవంబర్ ఇరవై నాలుగు తారీఖు ఏసి, డెబ్బై రెండు అని చిట్టి రాసియ్యి. గా దినానికి వానికింక పదకొండు దినాలుండె. నేను తగ్గిన, దవఖానోళ్లే ఆలస్యం జేసిండ్రని చెప్త."

"దొంగ చిట్టి రాయుమంటున్నవా నన్ను?"

"ఒక్కటి."

"ముప్పై ఏండ్లాయె ఈ కాంటా మీద. సంచికి కిలో తరుగు అంటె కిలోనే తీసిన. పావు ఎక్కువ తియ్యుమని సేటు మొకం ముడుసుకున్నా తియ్యలే. రైతు ఇంటికి పోయినంక పండాలె గదా, నేను గూడ పండాలె గదా."

"కందులు కాదు గదా కాక. నేనే గదా. ఎవ్వరికి నష్టం?"

"బుక్కుల నంబర్లు వరుసగుంటయి."

"అమ్మ నంబర్లు జూడది. తారీఖు జూస్తది, కిలోలు జూస్తది. పాత బుక్కుల ఖాళీ చిట్టి ఏదన్న ఉంటదేమో. గదే గదా నవంబర్‌ది, ఇయ్యి, నేను దేవులాడ్త."

"ఆ బుక్కు ముట్టకు."

"ఎందుకు?"

"ముట్టకన్న గదా. సేటు చూస్తె ఒర్రుతడు."

"సేటు ఇంక రాలే."

"నిరోషా. బిడ్డా, ఆగు. ఇటియ్యి దాన్ని."

"చిట్టి చింపినంక మిగిలే ముక్కలున్నయి గదా, వీటి మీద గూడ రాస్తవా నువ్వు?"

"రాస్త. లెక్కకుండాలె గదా."

"ఇదే ఇరవై నాలుగుది. నా పేరుంది."

"ఊఁ."

"నిరోష, డెబ్బై రెండు అని ఉంది."

"ఆ బుక్కు ఇటియ్యి బిడ్డా."

"నా చిట్టి పర్సులనే ఉంది. ఇగో. అదే తారీఖు, నీ రాతనే. డెబ్బై నాలుగు. తప్పు రాసినవా కాక?"

"తప్పు రాయలే."

"రెండిట్ల ఏది నిజం?"

"బుక్కులది. బుక్కుల అబద్ధం రాయనీకె చెయ్యి రాలే నాకు. నువ్వేమో కాంటా ఎక్కితె అటు మొకం పెట్టి నిలబడ్తవ్. నంబరు చూస్తె భయమైతదంటవ్. నేను చిట్టిల ఏది రాస్తె గదే నీకు."

"అంటె ఆ సోమవారం నేను డెబ్బై రెండున్న."

"ఉన్నవ్."

"స్కానింగుకు పోవచ్చుండె."

"పోవచ్చుండె."

"ఎవరు రాయుమన్నరు?"

"నీళ్లు తాగుతవా జర?"

"ఎవరు కాక?"

"మీ అమ్మ."

"అమ్మనా?"

"నీకు మొదటిపారి డెబ్బై నాలుగు వచ్చింది చూడు, ఆ తెల్లారే వచ్చింది. వికారాబాద్ నుంచి ఒక్కతే రైలెక్కి. గిదే బండ మీద కూసున్నది. కొడుకు పోయేటట్టున్నడు, బిడ్డను గూడ కోస్తరంట, ఇద్దర్ని ఒక్కనాడే బల్ల మీద పండవెట్టి నేను బయట ఎట్ల కూసుండాలె కిష్టప్పా అన్నది. ఇడిసెయ్ అంటె నువ్వు ఇంటలేవంట, పెడ్తె తింటలేవంట. ఎంత దిగినా డెబ్బై నాలుగు కిందికి రాయకు అన్నది. కోడలి అన్న ఇస్త అంటున్నడు, పదిహేను దినాలల్ల ఇంట్లోళ్లను ఒప్పించుకుంటడు, అప్పటిదాక ఆపు చాలు అన్నది. నా కాళ్లు పట్టుకున్నది నిరోషా. వదినై ఉండి, నాకంటె పెద్దదై ఉండి. పదిహేను దినాలే గదా అనుకున్న. వాళ్లింట్ల ఒప్పుకోకపోయిరి, గిట్లయితదని నాకేమెర్క."

"అమ్మకు ఎర్కేనా? నేను నిజంగ డెబ్బై రెండుకొచ్చింది?"

"నేను చెప్పలే. ఆమె గూడ అడగలే, అడగనీకె భయపడ్డట్టుంది. నేను రాసింది ఆమె ఇంకెట్ల నమ్ముతది, నిన్నే చూసుకుంట ఉన్నది. దినాల నాడు పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది. నా బిడ్డ నిజంగనే దిగలే గదా కిష్టప్పా, చూస్తె గట్లనే ఉన్నది గదా, అని."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట. అన్నం నోట్లె ఉండె. తలకాయ ఊపిన."

"ఎటు?"

"నాకే తెల్వది బిడ్డా."

"రైలు ఎన్నింటికి?"

"ఇంక టైముంది. ఇగో, రాస్తున్న చూడు. నవంబర్ ఇరవై నాలుగు. నిరోష. డెబ్బై రెండు. ఇది దొంగ చిట్టి కాదు, నీ చేతులున్నదే దొంగది. తీసుకపోయి మీ అమ్మ ముందల పెట్టు, బుగ్గమ్మ ముందల పెట్టు. నా పేరు చెప్పు, ఎవరొచ్చి ఏమన్నా పడ్త."

"వద్దు."

"తీసుకో. నీ తప్పు లేదని తెలువాలె గదా వాళ్లకు."

"బుక్కుల ఆ ముక్క చింపెయ్ కాక."

"చింపితె?"

"అమ్మ మల్ల అడిగితె, డెబ్బై నాలుగు మీదనే ఉండె అని చెప్పు. చాటుకు తిన్నదేమో అను."

"ఎన్ని నెలలు నోరు కట్టుకుంటివి. గట్లంటె మీ అమ్మ నమ్ముతదా?"

"నమ్ముతది. నన్ను జూస్తది గదా, గట్లనే ఉన్న."